కరెంటు లేని రోజుల్లో గొలుసు ప్రార్థన

మా బచేలి రైల్వే కాలనీలో కరెంటు పోయిన సాయంత్రం, నా మనవరాలు పడకగదిలో రూమ్ హీటర్ పక్కన నిద్రపోతోంది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి ఇంకా రెండు రోజులు కాలేదు. నెలలు నిండకముందే, మేము క్రిస్మస్ ఆరాధనకు బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్న రోజున, మా అమ్మాయికి ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. రెండు కిలోలకు తక్కువ. నా మోచేతి నుంచి మణికట్టు దాకా ఉంటుంది, అంతే. పాలు తాగడం నేర్చుకుంది, ఇక ఇంటికి తీసుకువెళ్ళండి, చలి మాత్రం తగలనివ్వకండి అని పంపారు. ఆ ఒక్క షరతు మీద బిడ్డను ఇంటికి తెచ్చుకున్నాం.

బైలదిల్లా కొండల కింద జనవరి ఎప్పుడూ చలిగానే ఉంటుంది. ఆ ఏడు సముద్రంలో వాయుగుండం పట్టి, చలికి వాన తోడైంది. కొండ కనబడడం మానేసింది. ఆ సాయంత్రం గాలి లేచి, ఎక్కడో కొండదారి ఘాట్‌లో చెట్లు తీగల మీద పడ్డాయి. కరెంటు పోయినప్పుడు మా కాలనీలో అందరం ఒకే పని చేస్తాం. ముందు ఎదురు క్వార్టర్ వైపు చూస్తాం, తరువాత ఇనుప గనుల కంపెనీ టౌన్‌షిప్ వైపు చూస్తాం. అక్కడ దీపాలుంటే మనది చిన్న రోగమని అర్థం. ఆ రోజు అక్కడా చీకటే. వరండాలో ఇంకా తీయని క్రిస్మస్ నక్షత్రం కూడా ఆరిపోయి, కాగితపు బుట్టలా గాలికి ఊగుతోంది.

మా ఆయన రైల్వేలో బండ్ల పైనుండే కరెంటు తీగల పని చేస్తారు. తీగలు తెగి బండ్లు ఆగిపోయాయని ఆయనకు వెంటనే పిలుపు వచ్చింది. మా అల్లుడు కూడా బండి లేక కోరాపుట్‌లో చిక్కుబడ్డాడు. మా ఆయన రెయిన్‌కోటు తొడుక్కుంటూ, "ఇన్వర్టర్ మీద హీటర్ పెట్టారంటే బ్యాటరీ పోతుంది. లైటుకి వాడుకోండి" అన్నారు.

"మరి పిల్లకి?"

"ప్రార్థన చెయ్యి" అని వెళ్ళిపోయారు. ఎగతాళిగా అనలేదు. ఆయన ఎప్పుడూ అంతే. మా సంఘంలో ముప్పై ఏళ్ళుగా ఉన్న మనిషి, ఆదివారం తప్పని మనిషి, నలుగురిలో గొంతెత్తి ఒక్కసారి ప్రార్థన చేసి ఎరగరు. ఇంట్లో కుటుంబ ప్రార్థనలో ఆయన వంతు వస్తే "నువ్వు చెయ్యి" అంటారు. కూటం వాళ్ళు అడిగితే "మా ఇంట్లో ఆవిడ చేస్తుంది" అంటారు. స్త్రీల కూటంలో ప్రార్థన ఎలా చేయాలో పాఠాలు చెప్పే నాకు ఇది ఎప్పుడూ ఒక బాధ. ఆయన నోరు తెరవాలని నేను చేసిన ప్రార్థనలు ఎన్నో.

ఇంట్లో మిగిలింది మేము ముగ్గురు ఆడవాళ్ళం, ఆ పసిది. మూడో మనిషి మా వియ్యపురాలు, ఒకరినొకరం వదినా అనుకుంటాం. బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి పాసింజరు బండిలో సొంఠి, వాము, నల్ల జీలకర్ర, వెల్లుల్లి మూటగట్టుకుని వచ్చింది. ఆమెదీ మా విశ్వాసమే. రెండు పూటలా మోకరించే మనిషి. అయితే పురుటి గది నియమాలు మాత్రం ఆమెకు బైబిలు వాక్యంలోంచి వచ్చినవి కావు, వాళ్ళ అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చినవి. కిటికీ తెరవకూడదు. బాలింత చెవుల్లో దూది తీయకూడదు. పురుటి స్నానం అయ్యేదాకా మగవాడు గుమ్మం దాటకూడదు. అల్లుడు కూడా గుమ్మం అవతల నిలబడే కూతుర్ని చూసి వెళ్ళాడు. ఈ నియమాలేవీ నాకు కొత్త కాదు. మా అమ్మ నాకు పెట్టినవే.

మర్నాడు ఉదయం ఆమె ఇనప బాండీలో బొగ్గులు రాజేసి కుంపటి చేసింది. దాని మీద కాస్త సాంబ్రాణి, వాము చల్లి మంచం కింద పెట్టింది. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కింది.

"హీటరు, హీటరని బెంగ పెట్టుకుంటారేటి వదినా? మా అయ్యలందరూ కుంపటి కాడ పుట్టి పెరిగినోల్లే" అంది.

గది నిజంగానే వెచ్చబడింది. నాకు ధైర్యం వచ్చి, స్తోత్రం చెప్పుకుంటూ ఉల్లిపాయలు తరగడానికి వంటింట్లోకి వెళ్ళాను. కొంతసేపటికి మా అమ్మాయి పిలిచింది. "అమ్మా, తల పగిలిపోతోంది. వాంతి వచ్చేలా ఉంది." లోపలికి వెళ్తే నాకూ కణతల దగ్గర బరువుగా అనిపించింది. వదిన మంచం కోడుకు ఆనుకుని కూర్చుని, కళ్ళు మూసుకుని ఉంది. ప్రార్థనలో ఉందనుకున్నాను. పిలిస్తే పలకడానికి ఆలస్యమైంది. అప్పుడు భయపడ్డాను. పసిదాన్ని ఎత్తి వాళ్ళమ్మ చేతికిచ్చి ముందుగదిలోకి పంపి, కిటికీ గుడ్డలు లాగేసి, తలుపులన్నీ తెరిచి, కుంపటిని పెరట్లోకి వానలోకి తోసేశాను. అది బుస్సుమని ఆరింది. కాసేపటికి అందరం తేరుకున్నాం. పసిది ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాకనే నేను కింద కూర్చున్నాను.

"పూర్వం పెంకుటిల్లు గదా, పొగ పైనించి పోయీది" అంది వదిన. కుంపటి మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు ఇల్లు ముందుకన్నా చల్లబడింది. రగ్గులు కప్పాం. ఆదివారం వచ్చింది. పసిదాన్ని వాళ్ళిద్దరికీ వదిలి, గొడుగు వేసుకుని ఆరాధనకు వెళ్ళాను. మైకు లేదు, కీబోర్డు లేదు. తబలా, తాళాలతో పాడుకున్నాం. పాత పాటలకు అదే బాగుందనిపించింది. ప్రార్థన మనవులు చెప్పే సమయంలో నేను లేచి నిలబడి, మా మనవరాలికి వెచ్చదనం కోసం ప్రార్థించమని అడిగాను. సంఘం ప్రార్థించింది. ఆరాధన అయ్యాక సంఘం ఊరుకోలేదు. నేను ఇల్లు చేరేసరికే రగ్గులు రావడం మొదలైంది. జగదల్‌పూర్‌లో కొన్న మెత్తటి దుప్పట్లు, రైల్వే వాళ్ళ నల్ల కంబళ్ళు, ఎవరిదో పెళ్ళినాటి సిల్కు బొంత. ప్రార్థనకు జవాబు ఇంత త్వరగా వచ్చిందని నేను సంతోషించాను. అన్నీ కప్పాం. పసిది బొంతల కింద ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది.

మధ్యాహ్నం మా అమ్మాయి బొంతల్లోకి చెయ్యి పోనిచ్చి బిడ్డ పాదాలు పట్టుకుని, నా వైపు చూసింది. "అమ్మా, చల్లగా ఉన్నాయి." నేనూ పట్టుకుని చూశాను. అన్ని రగ్గుల కింద ఆ రెండు పాదాలూ కుండలో నీళ్ళలా చల్లగా ఉన్నాయి. పాలకు పెడితే రెండు గుటకలు వేసి మానేసింది.

ఫోన్లు పని చేయడం లేదు. నేనే నడిచి ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడ జనరేటర్ నడుస్తోంది. వరండా నిండా దగ్గుతున్న మనుషులు. బిడ్డను పంపిన రోజున మాతో మాట్లాడిన నర్సు కనిపించింది. హిందీలోనే అంతా చెప్పింది. "ఆంటీ, కంబల్ గర్మీ దేతా నహీ, రోక్తా హై" అంది. రగ్గు వేడి పుట్టించదు, ఉన్న వేడిని ఆపుతుంది. ఇంత చిన్న బిడ్డకు తన ఒంట్లో పుట్టే వేడి చాలదు, ఇంకొకరి ఒళ్ళు కావాలి. బట్టలు లేకుండా, టోపీ, మేజోళ్ళు, లంగోటీతో, పెద్దవాళ్ళ ఛాతీకి నిటారుగా ఆనించి, గుడ్డతో కట్టి, ఇద్దరి మీదా కలిపి రగ్గు కప్పాలి. పగలూ రాత్రీ వదలకూడదు. పట్టుకున్నవాళ్ళు కూర్చుని కునుకు తీయకూడదు, బిడ్డ మెడ వాలితే ఊపిరి అందదు. ఇవన్నీ ఇంటికి పంపేటప్పుడు కూడా చెప్పిందట. హీటర్ ఉందన్న ధీమాలో మేము మర్చిపోయాం. "ఇక్కడ దగ్గు, జ్వరాలు ఎక్కువ. ఇంట్లోనే చూడండి. కాని రెండుసార్లు వరసగా పాలు మానేసి, పాదాలు చల్లగా ఉంటే మాత్రం వాన అని చూడకండి, వెంటనే తెచ్చేయండి" అంది.

దారి పొడుగునా ఆ మాటే లెక్క. ఒకసారి మానేసింది. ఇంకొకసారి మానేస్తే ఆ వానలో, ఆ చలిగాలిలో ఆటోలో తీసుకుపోవాలి. ఆటో దొరుకుతుందో లేదో తెలియదు.

ఇంటికి వచ్చి చెప్పగానే వదిన గొడవ పెట్టుకుంది. పచ్చి బాలింత రవిక విప్పి చలిలో కూర్చోవడమేమిటని. మా అమ్మాయి బిడ్డ బట్టలు విప్పి, తన జాకెట్టు గుండీలు తీసి, బిడ్డను గుండెకు ఆనించుకుంది. నేను మా ఆయన పాత పంచెతో ఇద్దరినీ కట్టి రగ్గు కప్పాను. సాయంత్రానికి పాదాలు కాస్త నయం. పాలు తాగింది. రాత్రంతా మా అమ్మాయి, నేను మార్చుకుంటూ గడిపాం.

తెల్లవారేసరికి మా అమ్మాయి ముఖం పాలిపోయింది. ఆపరేషన్ కుట్లు. కూర్చుంటే నొప్పి, పడుకుంటే బిడ్డ జారుతుందని భయం. నిద్ర లేకపోతే పాలు తగ్గుతాయి. పాలు తగ్గితే అసలుకే ముప్పు. నాకా నడుము సహకరించడం లేదు. వదిన పట్టుకోవడానికి ముందుకు వచ్చింది, ఒక గంట పట్టుకుంది. ముగ్గురం చాలమని ముగ్గురికీ అర్థమైంది.

అప్పుడు మా కూటంలో ఒకామె చూడడానికి వచ్చింది. గొల్లపల్లి వైపు మనిషి. ఇక్కడ హాస్టల్లో వంట చేస్తుంది. పొట్టిగా, గట్టిగా, ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది. నేను ఆమెతో, "అందరికీ చెప్పు, ఇవాళ గొలుసు ప్రార్థన పెడదాం" అన్నాను. గొలుసు ప్రార్థన మా సంఘంలో అలవాటే. ఎవరికైనా జబ్బు చేస్తే, ఎక్కడైనా పిల్లలకు పరీక్షలుంటే, ఒక్కొక్క ఇల్లు ఒక గంట తీసుకుంటుంది. ఎవరింట్లో వాళ్ళు ప్రార్థించి, గంట కాగానే తరువాతి ఇంటికి ఫోను మోగించి పెట్టేస్తారు. గొలుసు తెగకూడదు.

"ఫోన్లన్నీ సచ్చినయి కదక్కా. ఎవరికెట్ల తెలుస్తది?" అంది. తరువాత బిడ్డ వైపు చూసి, "ఏందక్కా, ఎవరిండ్లల్ల వాళ్ళు కూసొని పిల్ల కోసం ప్రార్థన చేసుడెందుకు? పిల్ల కాడికే వస్తే అయిపోతది కదా. పిల్లనెత్తుకొని చేస్తే మోకాళ్ళు గూడ నొయ్యవు" అంది.

"పదిమంది ఒంటికి ఆనిత్తారేటి పసిగుడ్డుని?" అంది వదిన.

"పదిమంది రగ్గులు కప్పిండ్రు కద పెద్దమ్మా. రగ్గులకు లేని మైల మనుషులకున్నదా?"

వాదన ఓడితే వదిన పని అందుకుంటుంది. "అయితే ఎవులొచ్చినా ఏన్నీల్లతో తానం సేసి రావాల. దగ్గు, తుమ్ము ఉన్నోల్లు గుమ్మం కాడనించే ఎల్లిపోవాల" అని చెప్పి, గ్యాసు పొయ్యి మీద పెద్ద డేగిసాలో నీళ్ళు పెట్టింది. ఆ నిమిషం నుంచి పురుటి గది కాపలా ఆమెదే.

మొదటి గంట గొల్లపల్లి ఆమెదే. స్నానం చేసి వచ్చి బిడ్డను కట్టించుకుంది. "నేను పొయ్యి కాడ పనిజేసేదాన్ని, నా ఒళ్ళు ఎప్పటికీ సల్లారదు" అంది. నిజమే. కాసేపటికి బిడ్డ పిడికిలి విడిచింది.

ఒక నియమం నేను పెట్టాను. ప్రార్థన పైకి వినిపించాలి. భక్తి కోసం కాదు. మాట వినిపిస్తే పట్టుకున్న మనిషి మెలకువగా ఉన్నట్టు. మాట ఆగితే పక్కగదిలో ఉన్నవాళ్ళు వచ్చి చూడాలి. అలా ఆ పగలంతా మా ఇంట్లో ప్రార్థన ఆగలేదు. ఎప్పుడూ కళ్ళు మూసుకుని వినే ప్రార్థనలను నేను బియ్యం ఏరుతూ, గుడ్డలు ఆరవేస్తూ విన్నాను. ఒకామె ప్రార్థనలో ప్రపంచ దేశాలన్నీ తిరిగి వచ్చి, చివరి అయిదు నిమిషాలు మా బిడ్డకు ఇచ్చింది. ఇంకొకామె అత్తగారి సంగతులు దేవునికి చెబుతూ, ఆ అత్తగారు ముందుగదిలో కూర్చుని ఉందని మర్చిపోయింది. ఒకామె కర్పూరం మందు వాసనతో వచ్చింది. "జలుబు లేదు పిన్నిగారూ" అంది.

"జలుబు లేకపోతే ఈ మందు ఎందుకు రాసుకున్నావమ్మా, సెంటు అనుకున్నావేటి?" అని వదిన ఆమెను వెనక్కి పంపింది. సంఘ కాపరి అయ్యగారు వచ్చారు. ఆయనకు ముక్కు కారుతోంది. ఆయనను కూడా లోపలికి రానివ్వలేదు. ఆయన వరండాలో ఆరిపోయిన నక్షత్రం కింద నిలబడి ప్రార్థన చేసి, టీ తాగి వెళ్ళారు.

కొత్త సంవత్సరం ఆరాధనలో ఒక్కొక్కరం బైబిలు వాక్యం రాసి ఉన్న వాగ్దానం కార్డు తీసుకుంటాం. అప్పటికి ఆసుపత్రిలో ఉన్న పసిదాని వంతు కార్డు నేనే తీశాను. రెక్కల నీడ గురించిన వాక్యం వచ్చింది. దాన్ని మంచం తలాపున గోడకు అంటించాను. రెక్కలంటే నాకు ఎప్పుడూ ఆకాశంలో, చాలా పైన ఉండేవని అనిపించేది. ఆ రోజు ఆ కార్డు కింద ఒకరి తరువాత ఒకరు రవిక విప్పి కూర్చున్న ఆడవాళ్ళను చూశాక, కోడి తన పిల్లలకు ఏం చేస్తుందో గుర్తొచ్చింది. అది వాటి మీద ఏమీ కప్పదు. తన ఒళ్ళే ఇస్తుంది.

మంగళవారం ఉదయం గొలుసు తెగింది. కాలనీ ట్యాంకులు అడుగంటి, కంపెనీ వైపు నుంచి నీళ్ళ ట్యాంకరు వచ్చింది. అందరూ బిందెలు తీసుకుని పరుగెత్తారు. వాళ్ళను తప్పుపట్టలేను, నీళ్ళు లేకపోతే ఎవరికీ గడవదు. మా అమ్మాయి తెల్లవారుజాము దాకా పట్టుకుని, అప్పుడే నిద్రలోకి జారింది. తరువాత నేను పట్టుకున్నాను. కాసేపటికి నాకు గొంతులో గరగర మొదలై, ముఖం పక్కకు తిప్పుకుని దగ్గాను. దగ్గిన మనిషి పట్టుకోకూడదు. వదినకు ఇవ్వబోయాను. ఆమె చేతులు చాపి, ఆగి, తుమ్మింది. ఒకటి కాదు, వరసగా.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

"నానొద్దు" అంది ఆమె. తన కొంగు ముక్కుకు పట్టుకుని వెనక్కి జరిగింది. అంత మంది ఆడవాళ్ళను గుమ్మం దగ్గర ఆపిన మనిషి, తన నియమానికి తనే నిలబడింది. నాకు ఆ క్షణంలో ఆమె మీద గౌరవం పెరిగింది. కాని బిడ్డ ఎవరికి? అమ్మాయిని లేపక తప్పలేదు. లేపి పాలకు పెట్టించాం. పసిది నోరు తెరవలేదు. పాదాలు పట్టుకున్నాను. మళ్ళీ చల్లబడుతున్నాయి.

ఒకసారి అయింది. ఇక రెండోసారి మానేస్తే ఆసుపత్రికే. కూర్చోవడానికి ప్రయత్నించిన అమ్మాయి నొప్పికి పెదవి కొరుక్కుని వాలిపోయింది. నేను రగ్గులో బిడ్డను చుడుతూ, ఆటో కోసం వీధిలోకి ఎవరిని పంపాలా అని ఆలోచిస్తున్నాను. అప్పుడు గేటు చప్పుడైంది. మా ఆయన. మోకాళ్ళ దాకా బురద, గడ్డం మాసి ఉంది. తీగలు కట్టడం అయిందని, బండ్లు మెల్లగా కదులుతున్నాయని చెప్పబోతూ, మా ముఖాలు చూసి ఆగిపోయారు.

నాలుగు మాటల్లో చెప్పాను. ఆయన వరండాలోనే బూట్లు విప్పారు, కాని గుమ్మం దగ్గరే నిలబడ్డారు. ఆ గదిలోకి వెళ్ళకూడదని ఆయనకు తెలుసు. వదిన వైపు చూశారు. నేనూ చూశాను. ఆమె నా చేతుల్లోని బిడ్డను చూసింది. తరువాత కొంగు చాటునుంచి, "అన్నయ్యగారూ, నీల్లు కాగి ఉన్నాయి. బేగి తానం సేసి రండి" అంది.

ఆయన స్నానం చేసి వచ్చారు. గుమ్మం దాటేటప్పుడు తల వంచారు, ఆ గుమ్మం తలకు తగిలేంత తక్కువ ఎత్తేమీ కాదు. కుర్చీలో కూర్చోబెట్టి, బిడ్డను ఆయన ఛాతీకి ఆనించి, పంచెతో కట్టాను. అది ఆయన పంచే. నెరిసిన వెంట్రుకల మధ్య ఆ ముఖం రూపాయి బిళ్ళంత కనిపించింది. ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాలిలో ఉంచుకున్నారు. ఒక చెయ్యి తీసి నేనే బిడ్డ వీపు మీద పెట్టాను.

"ప్రార్థన పైకి చెయ్యాలి" అన్నాను. "మాట ఆగితే నిద్రపోయారనుకుంటాం. మీరు నాలుగు రాత్రుల నుంచి నిద్ర లేకుండా వచ్చారు."

"నువ్వు చెయ్యి."

"నేను దగ్గుతున్నాను. గదిలో ఉండకూడదు."

వదినా నేనూ ముందుగదిలోకి వచ్చి కూర్చున్నాం. లోపల నిశ్శబ్దం. ఎంతసేపని చూడను? లేవబోతుంటే మంచం మీంచి మా అమ్మాయి గొంతు వినిపించింది. "నాన్నా, ఏదో ఒకటి మాట్లాడు."

గొంతు సవరించుకున్న చప్పుడు. తరువాత ఆయన అన్నారు. "కిరండూల్."

కొంచెం ఆగి, "బచేలి. భాన్సీ. కమలూరు. దంతెవాడ. గీదం."

వదిన నా వైపు చూసి, "ఏటి, పేసింజరు బండి ఇడిసినారా అన్నయ్యగారు?" అంది మెల్లగా.

ఆయన ఆపలేదు. మొదట పేర్లే చెప్పారు. తరువాత ఒక్కొక్క పేరు దగ్గర ఆగడం మొదలుపెట్టారు. ఏ స్టేషను దాటాక వంపు ఉంది, ఏ వంతెన మీద గాలి ఎక్కువ, ఏ సొరంగంలో ఎండాకాలంలో కూడా నీళ్ళు కారతాయి, ఎక్కడ కోతులు తన టిఫిను డబ్బా ఎత్తుకుపోయాయి, ఎక్కడ తోటి మనిషి స్తంభం మీద నుంచి జారితే ఇద్దరూ ఒకే తాడు పట్టుకుని వేలాడి బతికారు. ఆ చివరి సంగతి నాకు ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. అక్కడ మాత్రం, "దేవుడు కాచాడు" అని, ముందు స్టేషనుకు వెళ్ళిపోయారు.

నేను గోడకు ఆనుకుని విన్నాను. వాక్యంలో ఒక అధ్యాయం ఉంది. అరణ్యంలో జనం ఎక్కడినుంచి బయలుదేరి ఎక్కడ దిగారో, మళ్ళీ అక్కడినుంచి ఎక్కడికి వెళ్ళారో, వరసగా ఊళ్ళ పేర్లే ఉంటాయి. ఏడాదికోసారి మొత్తం చదివే అలవాటులో నేను ఆ అధ్యాయాన్ని ఎప్పుడూ వేగంగా దాటేసేదాన్ని. అందులో ప్రార్థన లేదు, ఆజ్ఞ లేదు, పిల్లలకు చెప్పడానికి కథ లేదు అనుకునేదాన్ని. దాన్ని రాయించినవాడికి ప్రతి మజిలీ గుర్తుందని, అందుకే రాయించాడని, ఆ రోజు మా ముందుగదిలో కూర్చుని అనుకున్నాను.

జగదల్‌పూర్ దాటాక గుమ్మం దగ్గరికి వెళ్ళి, ముక్కుకు కొంగు కట్టుకుని, రగ్గు కిందకు చెయ్యి పోనిచ్చాను. మేజోడు లోపల పాదం వెచ్చగా ఉంది. రెండోదీ చూశాను. అదీ వెచ్చగానే ఉంది. ఆయన కళ్ళతో అడిగారు. తల ఊపాను. ఆయన చెప్పడం ఆపలేదు.

ఇంకొంతసేపటికి బిడ్డ తల కదిపి, ఆయన ఛాతీ మీద నోటితో వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఆయన కంగారుపడ్డారు. "ఇదిగో అమ్మాయ్, దీనికి ఆకలేస్తోంది. బండి కోరాపుట్‌లో ఆగింది, పాలు పట్టెయ్" అన్నారు.

మా అమ్మాయి నవ్వుతూ, నొప్పికి కళ్ళు మూసుకుంటూ, బిడ్డను తీసుకుంది. ఆయన గోడ వైపు తిరిగి కూర్చున్నారు. మేమిద్దరం గుమ్మం అవతల నిలబడి విన్నాం. మొదట ఏమీ వినబడలేదు. తరువాత గుటక. ఇంకో గుటక. ఆ తరువాత లెక్క అక్కర్లేకుండా, తొందర తొందరగా.

పాలు తాగాక బిడ్డను మళ్ళీ ఆయనకే కట్టాం. అరకు వైపు బయలుదేరారు. బొర్రా గుహలు దగ్గర సొరంగాలు ఒక్కొక్కటీ దాటుతుండగా పైన ఫ్యాను కదిలింది. వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమంది. వరండాలో క్రిస్మస్ నక్షత్రం పట్టపగలు ఎర్రగా వెలిగింది. కాలనీ అంతా ఒక్కసారి అరిచింది. కుంపటి రోజు కంగారులో నొక్కి మర్చిపోయిన ఆ ఫ్యాను స్విచ్చి ఆపాను. వదిన ముక్కుకు కొంగు కట్టుకుని గబగబా హీటర్ ప్లగ్గు పెట్టింది.

"ఇంక దింపీయండి అన్నయ్యగారూ. కరెంటొచ్చీసింది కదా" అంది.

"ఆగండి చెల్లెమ్మా. ఇంకా కొత్తవలస రాలేదు" అన్నారు ఆయన. కిరండూల్‌లో మొదలైన మా లైను ముగిసేది అక్కడే.

ఎవరూ తొందరపెట్టలేదు. బిందె ఇంట్లో దింపి తన గంటకు వచ్చిన గొల్లపల్లి ఆమె, తడి జుట్టుతో గుమ్మం దగ్గరే నిలబడిపోయి వింటోంది. గొలుసు ప్రార్థనలో చివరి మనిషి ముగించాక అందరూ కలిసి ఒక మాట అనడం మా అలవాటు. ఆయన శివలింగపురం దాటారు, శృంగవరపుకోట దాటారు. చివరకు, బిడ్డ లేవకుండా గొంతు తగ్గించి, "కొత్తవలస" అన్నారు.

వంటింటి గుమ్మం దగ్గర్నుంచి మా వదిన దిబ్బడ వేసిన ముక్కుతో "ఆమేన్" అంది.